బోర్లున్న గ్లాసు

ఎనుమాముల మార్కెట్ గేటు కాడ
యాకూబ్ చాయ డబ్బా చెక్క మీద
పదకొండు స్టీలు గ్లాసులు.
రాత్రి కడిగి బోర్లిస్తడు.
పొద్దుగాల ఎవల గ్లాసు వాళ్లే వచ్చి తిరగేసుకోవాలె.
అడుగున గోళ్ల రంగుతోని గుర్తులు:
సారయ్యది కొడవలి, ఈదమ్మది చేప,
నాది మూడు చుక్కలు.
చదువు రాదు గని చుక్కలొస్తయి.

పోయిన ఎండకాలం పెట్టుకున్న కట్టుబాటు ఇది,
ఓదెలు పోయినంక.
ముప్పై ఏండ్లు హమాలీ చేసిండు ఓదెలు.
మిర్చి బస్తాను
సంటిపిల్లనెత్తుకున్నట్టు ఎత్తేటోడు.
రెండొద్దులు తలుపు ఏసే ఉన్నది.
ఆ రెండొద్దులూ జెండా పాట జోరు,
రానోడు యాదికి రాలే మాకు.
గది అందరి లోపట ముల్లయి ఉన్నది,
ఎవలం బయటికి అనం.
యాకూబే అన్నడు,
"లెక్క బస్తాలకేనా? మనుషులకొద్దా?"

ఏడు కొట్టినంక బోర్లున్న గ్లాసు కనబడితె
ఎవలో ఒకలు ఇంటిదాక పోవాలె.
ముందుగాల అంత నవ్వులాటే.
తలుపు కొట్టి లేపితె మైసయ్య
లుంగి సర్దుకుంట గల్లంత తిట్టిండు.
చెప్పకుంట బిడ్డింటికి పోయిన ఈదమ్మకు
ఐదు రూపాయల జుర్మానా.

బేస్తారం బేస్తారం ఆశమ్మ స్వరూప వస్తది
బీపీ మిషను సంచిల ఏసుకోని.
కాంటా పక్కన కూసోబెట్టి చేతికి పట్టీ చుడతది.
"ఎంత పలికిందమ్మా రేటు?" సారయ్య అడుగుతడు.
"నూట అరవై, తాతా."
"అబ్బ! తేజ కాయకు పలికినా బాగుండు."
నవ్వుతం. నవ్వుకుంటనే ఆమె
ఉప్పు తగ్గియ్యమంటది, తొక్కు బందు చెయ్యమంటది.
తొక్కు లేకుంటె బువ్వెట్ల దిగుతదే?
ఆ పంచాయితి ఇప్పటికీ తెగలే.

నా సంగతి చెప్పాలె.
మాఘమాసం. ముచ్చికలు తీసి తీసి ఏళ్లు మండుతానయి.
అర్ధరాత్రి దవడ గుంజింది.
వీపు నడుమ కాంటా కొక్కెం తగిలిచ్చినట్టు.
చెమట. సలికాలం చెమట.
గ్యాసనుకున్న. ఇంత వాము నమిలిన.
నలభై ఏండ్లు కారం గాలి పీల్చినోళ్లకు
దగ్గొచ్చినా మంటొచ్చినా కండ్ల నీళ్లొచ్చినా
మిర్చి మీదికి నెట్టుడే అలవాటు.
నా మొగడు పోయిన్నాడు గూడ
కండ్లు తుడుసుకుంట గదే చెప్పిన.

పక్కింటోళ్లను పిలుద్దామంటె
ఇంత రాత్రి ఏం లేపుత అనిపిచ్చింది.
గోడకొరిగి కూసున్న.
కోడి కూసింది. పాల బండి పోయింది.
లేద్దామంటె కాళ్లు నావి కావు.
గప్పుడు యాదికొచ్చింది.
చెక్క మీద నా మూడు చుక్కలు
మొగులు దిక్కు చూస్తానయి.
వాటినే పట్టుకోని ఉన్న.
దేవుణ్ణి పట్టుకోలే, అబద్ధమెందుకు.

ఏడు దాటి పది నిమిషాలు గాలే,
తలుపు మీద గుద్దులు.
"ఉప్పలమ్మా! జుర్మానా తియ్!" మైసయ్య.
నా మొకం చూసి మల్ల మాట్లాడలే.
మా గల్లీల అంబులెన్సు పట్టది.
తోపుడు బండి మీద గోనెలు పరిచి
ముగ్గురు ముసలోళ్లు రోడ్డుదాక తోసిండ్రు.
ఒకనికి మోకాళ్లు పని చెయ్యవు,
ఒకనికి కుడి కన్ను లేదు,
ఇంకొకనికి నాకంటె పెద్ద బీపీ.
"మెల్లగ రా, గుంత! సరుకు పలుగుతది."
"ఎంత తూగుతదిరా ఉప్పలమ్మ?"
"బస్తా కంటె తక్కువే పో."
గంత నొప్పిల గూడ నాకు నవ్వొచ్చింది.

గుండెల సన్న గొట్టం ఏసిండ్రంట.
మూడు రంగుల గోలీలు, రోజూ నడక,
బిందె మాత్రం ఎత్తొద్దు.
ఈదమ్మే నీళ్లు తెచ్చి పోస్తాంది,
ప్రతి బిందెకూ ఒక తిట్టు కలిపి.

ఇప్పుడు అందరికంటె ముందు నేనే వస్త.
చీకట్ల చుక్కలు తడిమి గ్లాసు తిరగేస్త.
చక్కెర లేని చాయ. చేదుగనే ఉంటది.
ఒక్కొక్కలే వస్తాండ్రు,
ఒక్కొక్క గ్లాసే లేస్తాంది.
ఇయ్యాల ఏడయింది.
చేప ఇంకా బోర్లనే ఉన్నది.
బిడ్డింటికి పోయి ఉంటది, చెప్పకుంట.
పోయే ఉంటది.

సగం చాయ చెక్క మీదనే పెట్టి
చెప్పులేసుకున్న.