ఒగ్గండి

పక్కసీట్లో కూర్చుని
నా కాలి కిందుండే రెండో బ్రేకుతో
ఇరవై ఆరేళ్ళుగా ఊరందరి బళ్ళూ ఆపుతున్నాను,
మద్దిలపాలెం జంక్షన్లో, రైతుబజారు ముందు,
బడి వదిలే వేళ సీతమ్మధార మలుపులో.
నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు వెయ్యి దాటారు.
ఒక్కరికీ నా సొంత కారు తాళం ఇవ్వలేదు.

ఎనభై ఆరు కాంటెస్సా అది.
పోర్టు సర్వేయరు ఫ్రెడరిక్ గారు అమ్మేస్తూ
బోనెట్టు మీద చెయ్యేసి చాలాసేపు నిలబడ్డారు.
దున్నపోతు భుజాలు, ఎర్ర రెక్సిన్ సీట్లు,
స్టార్టు చేస్తే పక్కింటి కిటికీ అద్దాలు మాట్లాడతాయి.
పరుగు పుట్టుకతో వచ్చింది దానికి.
ఆగాలంటే మాత్రం బతిమాలాలి.

నాలుగు చక్రాలకీ డ్రమ్ములే.
వానలో ఎడమకి లాగేది.
యారాడ కొండ దిగుతుంటే మూడో మలుపుకల్లా
లైనర్లు మాడిన వాసన, పెడలు నేలదాకా.
ఒకసారి సెకండ్ గేరూ హ్యాండ్ బ్రేకూ ఓ మట్టిగట్టూ
ముగ్గురూ కలిసి ఆపారు నన్ను.
బంపరు సొట్టేమిటని ఇంట్లో అడిగితే
గేదె అన్నాను.

ఆటోనగర్లో పోలినాయుడు కారు చుట్టూ తిరిగి
చెవి మీది బీడీ తీసి, వెలిగించకుండా మళ్ళీ పెట్టుకుని
"ఇంత గుర్రానికి ఈ కళ్ళేమేటమ్మా" అన్నాడు.
తుక్కుకెళ్ళిన టాక్సీ నుంచి క్యాలిపర్లు,
ఎక్కడిదో చెప్పని మాస్టర్ సిలిండరు.
బ్రాకెట్లొక్కటే కొత్తవి.
లేతు దగ్గర గఫూర్ మూడుసార్లు కోసి
నాలుగోసారి నవ్వాడు.

పాత డ్రమ్ము ఊడదీస్తే
గుప్పెడు నల్లపొడి.
ఇన్నేళ్ళ నా ఆగడాలన్నీ అందులోనే ఉన్నాయి.
వంగి చూడబోతే
"ఊదీకండి, ఊపిరికి మంచిది కాదు" అని
తడిగుడ్డతో తుడిచేశాడు.

చీకటి పడ్డాక, గొట్టాల్లో గాలి తియ్యడం.
అతను చక్రం కింద, సీసాలో ట్యూబు పెట్టుకుని.
నేను సీట్లో.
"తొక్కండి."
"పట్టండి."
"ఇంక ఒగ్గండి."
బుడగలు.
మళ్ళీ.
ఈ మాటలన్నీ ఊరందరికీ నేను చెప్పినవే,
మొదటి రెండూ మరీ గట్టిగా.
మూడోది నాతో అన్నవాళ్ళెవరో
ఎంత వెతికినా గుర్తుకు రాలేదు.

మర్నాడు యారాడ.
ఎక్కాం. దిగుతున్నాం. ఎదురుగా సముద్రం.
మూడో మలుపు రాగానే ఎప్పట్లాగే
ఒళ్ళంతా కాల్లోకి తెచ్చుకుని తొక్కాను.
గుంజకి కట్టేసినట్టు ఆగింది బండి నడిరోడ్డు మీద.
చెవి మీది బీడీ డాష్‌బోర్డు మీద పడింది.
వెనక స్కూటరువాడు మా వంశమంతా తలుచుకున్నాడు.
"చీమకి రోకలేటమ్మా! బొటనేలు చాలు."

చాలని నా పిక్కకి ఎవరు చెప్తారు?
పాత బ్రేకుల భయమంతా అక్కడే గడ్డకట్టి ఉంది.
నాలుగో మలుపులోనూ ఎక్కువే తొక్కాను.
ఐదులో కొంచెం నయం.
ఆరో మలుపులో ఓరగా చూస్తే
పోలినాయుడి కుడికాలు ఉత్త మ్యాటుని నొక్కుతోంది.
ఆ నొక్కుడు నాకు తెలుసు.
నేనేమీ అనలేదు.

రాత్రి లాసన్స్ బే గాలికి వదిలేశాను.
పొద్దున్న చూస్తే రెండు డిస్కుల మీదా
పసుపు పూసినట్టు పల్చటి తుప్పు.
డ్రమ్ములో అయితే కనపడేదే కాదు.
గేటు దాటేలోపు రెండుసార్లు తాకించాను,
గర్రుమని గొణిగి, మళ్ళీ తళతళ.

ఎనిమిదింటి క్లాసుకి లలితేశ్వరి వచ్చింది,
చెప్పులు విప్పి, దణ్ణం పెట్టుకుని,
స్టీరింగు రెండు చేతులా పట్టుకుని
"బ్రేకు ఎంత నొక్కాలండీ" అంది.

మొన్నటిదాకా నా దగ్గర జవాబుండేది.