సముద్రానికి సున్నా

నేలకొక సున్నా ఉంది, సముద్రానికొక సున్నా.
రెంటికీ నడుమ అరమీటరు పైచిలుకు తేడా.
ఆ తేడా మరిచిన కాంట్రాక్టరు
రేవు మెట్లన్నీ కట్టాక
ఆఖరి మెట్టు ఎటు పోయిందని నన్నడుగుతాడు.

కాశిమేడులో తెల్లవారుజాము నాలుగున్నర.
గాలి లేవకముందే పని కావాలి.
ఐసుగడ్డలు నూరే మర రొదలో
మునిరత్నం పోటుకొయ్య ఎదుట గొంతుక్కూర్చున్నాడు,
టార్చి, నోటుబుక్కు, ఫ్లాస్కులో టీ.
పది నిమిషాలకోసారి నీళ్లెక్కడున్నాయో రాయాలి.
అల లేచినప్పటి అంకె ఒకటి, పడినప్పటి అంకె ఒకటి,
రాసేది మాత్రం నడిమిది,
అది కొయ్య మీద ఎప్పుడూ కనపడదు.
ఇరవై రెండేళ్లుగా ఆ నడిమి అంకెని
ఏ మిషనూ తప్పు పట్టలేదు.

పడవ పక్కన ఇనపపలకని గొలుసుతో దించుతాం.
రెండు మీటర్లు. నాలుగు. ఆరు.
ఆగిన చోటల్లా తెరని అడుగుతాం, ఎంత?
ఇవాళ్టి ఉప్పులో, ఇవాళ్టి వేడిలో
శబ్దం ఎంత వేగంగా నడుస్తోంది?
గోడకి రాళ్లు తోలేముందు
చప్పుడు చేత ప్రమాణం చేయించాలి.

ఆ తర్వాత గీతలు.
ఒడ్డు నుంచి లోపలికి, లోపలి నుంచి ఒడ్డుకి,
ఇరవై మీటర్లకొకటి, దుక్కి దున్నినట్టు.
చుక్కాని పామంజి పోలయ్యది.
ఉపగ్రహం గీసిన దారి వైపు కన్నెత్తి చూడడు.
చర్చి శిలువని వాటర్‌ట్యాంకు అంచుకి ఆనించుకుని
ఆ జోడీ విడిపోకుండా పోనిస్తాడు, అంతే.
ఇలక్కియ ల్యాప్‌టాప్‌లో చూసి నవ్వింది,
మూరెడు కూడా పక్కకి పోలేదు సార్.

బురద దగ్గర యంత్రం రెండు మాటలు చెబుతుంది.
సన్నగొంతు పైపొరనే నేల అనుకుని తిరిగొస్తుంది.
బొంగురుగొంతు దూరి, గట్టిదాన్ని తట్టి వస్తుంది.
ఏ మాట మీద గోడ కట్టాలి?
పోలయ్య సీసపు గుండు అడుక్కి బట్టలసబ్బు పూసి వదిలాడు.
పైకి లాగి, అంటినదాన్ని వేళ్ల మధ్య నలిపి
ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"కొత్త బురద. రాయి నిలవదబ్బయా, మింగేస్తది."

మాకు కావలసింది ఇంకొకటుంది.
పాత రిజిస్టరులో, చెదలు వదిలిన పేజీలో,
'తీరవీధి, పెంకుటిల్లు,
సముద్రం వైపు నుంచి మూడో మెట్టు మీద ఉలిగుర్తు.'
రెండ్రోజులు వెతికాను, లెవలు భుజాన వేసుకుని.
ఇల్లు సరే,
వీధే లేదు.

ఆరూ పదికి
తెర మీద అడుగు ఉన్నట్టుండి లేచింది.
మూడు, మూడు, రెండున్నర,
రెండూ రెండు, ఒకటీ తొమ్మిది,
మళ్లీ మూడు.
"చేప గుంపు కాబోలు సార్, తీసెయ్యనా?"
ఇలక్కియ వేలు మీట మీదుంది.
లోతుల్లో ఇలాంటి ముళ్లని రోజూ వందల్లో ఏరేస్తాం.

పోలయ్య ఇంజను ఆపాడు.
"ఎన్ని కనపడతుండాయి?"
మూడు.
"నాలుగుండాల. కింద మెట్టు ఇసకలో ఉండాది."
కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.
పడవ ఆ మెట్ల పైన కొంచెం తిరిగింది.
"మా నాయన వలలు ఆరబోసేది ఆడ్నే.
ఆ పక్కన హార్బరు గోడ ఇసకని ఆపేసింది.
మెరీనాలో నీళ్ల దాకా నడవాలంటే ఆయాసం,
మాకేమో నీళ్లే నడిచొచ్చినాయి."

ఒకటీ తొమ్మిదిలో
మునిరత్నం రాసిన ఎనిమిది పదులు తీసేశాను.
సున్నాకి ఒకటీ పది కింద.
నక్షాలో చుక్కల వలయం చుట్టి
'అడ్డంకి' అని రాశాను.
మా గుర్తుల పట్టికలో ఉన్న మాట అదే.
ఇలక్కియ మీట మీంచి వేలు తీసేసింది.

గాలి లేస్తోంది, గీతలు ఇంకా పదకొండున్నాయి.
పోలయ్య గుండుకంటిన ఇటికపొడి కడగలేదు.
ఇంజను తాడు చేతికి చుట్టుకుంటూ అడిగాడు,
"ఈ కొత్త గోడ కట్టినాక,
దానికి ఉత్తరం పక్క ఎవురెవురుండారో
అది గూడా కొలిచినారా?"
తాడు లాగాడు.
నేనేం చెప్పానో నాకే వినపడలేదు.