కుట్లు విప్పే కాలం

డులూత్‌లో నవంబరు వస్తే
ముందు గట్టు వెంబడి సరస్సు బిగుసుకుంటుంది,
తర్వాత మనుషుల నోళ్ళు వదులవుతాయి.
బేస్‌బాల్ లేని ఐదు నెలలూ
పుకార్లు రాజేసుకుని చలి కాచుకుంటుంది ఈ ఊరు.

నా పేరు ఇర్యా నియెమి. అరవై రెండేళ్ళు.
చేపల కొట్టు పైన గది, ఒక కుట్టుమిషను.
మా జట్టు చొక్కాల వీపు మీద పేర్లు కుట్టేదీ నేనే,
విప్పేదీ నేనే.
కుట్టడానికి ఇరవై నిమిషాలు.
విప్పడానికి గంట.
గుడ్డ చిరగకూడదు కదా, ఇంకొకడు వేసుకోవాలి.

సెప్టెంబరులో వరసగా పదకొండు ఆటలు ఓడాం.
అప్పట్నుంచీ రొట్టెల దుకాణం వరసలో
ముందున్నవాడు వెనక్కి తిరిగి అడుగుతాడు,
"అబెర్నతీని తీసేస్తున్నారటగా?"
మేనేజరు ఇల్లు అమ్మకానికి పెట్టాడట.
కాదు, పైకప్పు మార్పిస్తున్నాడట.
అదీ కాదు, భార్య అరిజోనా వెళ్ళి ఎండ ఎలా ఉందో చూసొచ్చిందట.
"అట" అనే రెండక్షరాల మీద
ఎంత బరువైనా నిలబెడతారు మావాళ్ళు.

మంగలి లుండ్‌క్విస్ట్ అయితే
ఎడమచేతి పిచ్చర్ని ఒకణ్ణి తెప్పించేశాడు,
జీతం ఖాయం చేశాడు,
మే నెలలో మోచేతికి ఆపరేషను కూడా చేయించాడు.
ఆలూ లేదు చూలూ లేదు,
చొక్కా మీద పేరు పడుతుందా లేదా అని నన్ను నిలదీస్తాడు.

నా దాకా వచ్చేవి అక్షరాలే.
సామాన్లు చూసుకునే గస్ పెలోక్విన్ ఫోనులో
"రెండు ఓలు, ఒక జెడ్, మూడు ఈలు కత్తిరించి పెట్టు" అన్నాడు.
అదెలా పొక్కిందో,
మర్నాటికి ఊరు ఊరంతా ఆ ఆరు అక్షరాలనీ
పేకముక్కల్లా కలుపుతోంది, పంచుతోంది.
జెడ్ ఉంది కాబట్టి వెనెజులా వాడేనని ఒకడు పందెం కాశాడు.
డబ్బాలో అవి నిండుకున్నాయని మాత్రం
ఎవరికీ తోచలేదు.
నేను నోరు విప్పను. నోట్లో గుండుసూదులుంటాయి.
అంతకంటే మంచి సాకు ఏ వృత్తిలో ఉంది?

డిసెంబరులో ఒక సాయంత్రం
అబెర్నతీయే మెట్లెక్కి వచ్చాడు.
కోటు గుండీ ఊడిందన్నాడు.
దారం తెగింది కాదు, కత్తిరించింది.
నాకా తేడా తెలియదనుకున్నాడు పాపం.
కుట్టినంతసేపూ ఆయన చూపు
బల్ల మీది అక్షరాల డబ్బా మీదే.
"చలి బాగా ముదిరింది" అన్నాడు.
"సరస్సు ఇంకా పూర్తిగా గడ్డకట్టలేదు" అన్నాను.
ఐదు డాలర్లిచ్చి, చిల్లర అక్కర్లేదని దిగిపోయాడు.
తెలిస్తే చెప్పేదాన్నేమో. నాకూ తెలియదు.

ఫిబ్రవరిలో, పెట్టెలు దక్షిణానికి బయల్దేరే ముందురోజు,
గస్ ఒకే ఒక్క చొక్కా తెచ్చి బల్ల మీద పెట్టాడు.
క్వెల్. పదకొండో నంబరు.
ఆరేళ్ళుగా రెండో బేస్ దగ్గర నిలబడ్డవాడు.
బంతి వస్తే పట్టాడు, రాకపోతే కనిపెట్టుకుని ఉన్నాడు.
చలికాలం మొత్తంలో ఏ నోటా రాని పేరు.
మంచిదో చెడ్డదో
వాడి గురించి ఒక్క అబద్ధమైనా పుట్టలేదు ఈ ఊళ్ళో.

ఐదక్షరాలే, అరగంట చాలనుకున్నాను.
ఆరు వేసవుల ఎండకి గుడ్డంతా వెలిసిపోయింది,
అక్షరాల కింద మాత్రం కొన్ననాటి నీలం.
దారం లాగేకొద్దీ
పేరు ఇంకా ముదురుగా పైకి తేలుతోంది.

"ఉతికితే పోతుందా?" అన్నాడు గస్, కిటికీలోంచి బయటికి చూస్తూ.
"పోదు."
"మరి దీన్ని ఎవరికి తొడగను?"

కింద చేపల కొట్టులో ఎవరో గొంతు పెంచి చెబుతున్నారు,
వచ్చే ఏడాది మాత్రం
అబెర్నతీ ఉండనే ఉండడట.