ఎత్తు

టీవీలో బంతినే చూపిస్తారు.
అది వెళ్లిన చోటికి కెమెరా వెళ్తుంది,
కొట్టినవాడి పిడికిలి, అరుపు, చెమట,
మళ్లీ అదే, నిదానంగా, ఇంకోసారి.
ఎత్తి ఇచ్చినవాడి చేతులు
తెర అంచున తెగిపోతాయి.

కాశీబుగ్గ బస్టాండు ఎదురుగా గవరయ్య టీ కొట్లో
షిఫ్టు దిగి నిలబడి చూస్తాను.
నా వేళ్లకింకా జీడి నూనె నలుపు.
"మీ ఢిల్లేసు ఏడ్రా?" అంటారు.
"ఇప్పుడే కనబడ్డాడు కదా" అంటాను.
కనబడడు. నాకు తెలుస్తాడు.

వాళ్లమ్మ దాలమ్మ జీడిపప్పు పొట్టు తీసేది.
గుండుకో రేటు, బద్దకో రేటు.
పప్పు విరిగితే కూలి కోత.
బడి నుంచి వచ్చి అమ్మ పక్కన చతికిలబడి
విరగకుండా ఒలవడం నేర్చాడు వాడు.
కోచింగంటే అదే.
బంతిని పట్టుకోకూడదు, వదిలేయనూ కూడదు,
పది వేళ్ల మధ్య ఒక్క క్షణం
గుండు పప్పులా అది నిలవాలి.

మా కాలేజీకి బోర్డుంది, గ్రౌండు లేదు.
ఉన్న ఒక్క కోర్టు మీద తిత్లీ తుఫాను
ఏడు కొబ్బరిచెట్లు పడేసి పోయింది.
ఆరు కోసి లాగేశాం.
ఏడోది నెట్టు కట్టుకోడానికి పాతాం.
రెండోవైపు కరెంటు స్తంభం.
ఆ వంకర నెట్టు దగ్గర వాడెత్తితే నేను కొట్టేవాణ్ణి.
చప్పట్లు నావి.
మందసలో నావి, సోంపేటలో నావి, టెక్కలిలో ఈలలు కూడా.
వాడప్పటికే వెనక్కి తిరిగి
తర్వాతి బంతి కోసం చూస్తుండేవాడు.

ఎచ్చెర్ల సెలెక్షన్లలో టేపు పెట్టి కొలిచి
"ఎత్తు చాలదు" అన్నారు.
"ఎత్తేవోడికి ఎత్తెందుకండీ" అని మా కూర్మనాథం సారు
నవ్వబోయి, నవ్వలేక
బయటికొచ్చి ఇద్దరికీ చెరుకురసం ఇప్పించాడు.
గ్లాసు ఖాళీ చేసి ఢిల్లేసు అన్నాడు,
"ఎత్తుకి పైఎత్తు ఉంటాది సార్."
పంతంగా కాదు. దాహం తీరినవాడు అన్నట్టు.

మరుసటేడు విజయనగరం ఫైనల్లో
ఆఖరి పాయింటు. నేను గాల్లో ఉన్నాను,
వీపు విల్లు, చెయ్యి బాణం, జనం నోట నా పేరు.
బంతి రాలేదు.
పిల్లి పాలగిన్నె ముట్టినట్టు
ఎడంచేత్తో దాన్ని అవతలికి జారవిడిచాడు.
నా కోసం గోడ కట్టిన ముగ్గురూ
దాని వంక చూస్తూనే నేలకి దిగారు.
గెలిచాం. ఎనిమిది రోజులు వాడితో మాట్లాడలేదు.
వాడు నాకివ్వని బంతి అదొక్కటే.
చూడాల్సినవాళ్లు చూసిందీ అదొక్కటే.

వేలంలో మొదటిరోజు ఎవడూ కొనలేదు.
రెండోరోజు సంత ఎత్తేసే వేళకి
మిగిలిన ముక్కల రేటుకి ఒక టీము తీసుకుంది.
తొమ్మిది ఆటలు నీళ్ల సీసాలు మోశాడు.
పదో ఆటలో వాళ్ల పెద్ద సెట్టరుకి మడమ మెలిపడింది.
అప్పట్నుంచి వాడే.
దాలమ్మ ఇప్పటికీ పొట్టు తీస్తుంది.
"మీవోడు ఎంతకి అమ్ముడుపోనాడే?" అనడిగితే
తలెత్తకుండా
"గుండు రేటుకే" అంటుంది.

ఈ రాత్రి ఐదో సెట్టు. పద్నాలుగు, పద్నాలుగు.
బంతి అడ్డదిడ్డంగా వచ్చింది.
వాడు పరిగెత్తి, వెనక్కి పడుతూ ఎత్తాడు,
ఒక బెత్తెడు తక్కువగా, నెట్టుకి కాస్త ఎడంగా.
ఆరడుగుల ఎనిమిదంగుళాల బ్రెజిల్‌వాడు
అక్కడ లేని బంతిని కొట్టబోయి
ఉన్న బంతిని బయటికి కొట్టాడు.
కొట్లో అందరూ లేచారు,
"ఏటెత్తాడ్రా ఆడు! సేతులా అవి?"

నా నోటి దగ్గర గ్లాసు ఆగిపోయింది.
డిగ్రీ రెండో ఏడు నా కుడి భుజం జారినప్పుడు
నెల్లాళ్లు, చీకటి పడి నెట్టు కనబడకుండా పోయేదాకా,
నా కోసం వాడు వెతికి పట్టుకున్న బంతి అది.
బెత్తెడు తక్కువ, కాస్త ఎడం.
చెయ్యి పూర్తిగా లేవనివాడికి.

టీ కింద పెట్టాను.
హైవే మీద ఒరిస్సా లారీ హారన్ కొడుతూ పోయింది.
ఎవరూ నా వైపు చూడట్లేదు.
భుజం ఎంతవరకు లేస్తుందో
అంతవరకు
ఎత్తాను.