ఆరో గుండు

మారతహళ్లి వంతెన దాటినాక, ఏటీఎం ముందర
మా క్యాష్ బండి వెనక తలుపు తెరిచి ఉంది.
నవీద్ రెండు పెట్టెలు దించి
మూడోదాని మీద చెయ్యేసినాడు.
పొద్దున పదకొండుంబావు.
ముగ్గురొచ్చినారు, రెండు బైకుల మీద.
ఒకని చేతిలో పేపరు చుట్టిన లాంగు,
పొడుగు కత్తినట్లే అంటారీడ.
పేపరు జారిపోయింది, కత్తి మిగిలింది.

ఆగండ్రా అని అరిచినాను.
కన్నడంలో అరిచినాను. పట్టాళంలో నేర్చిన హిందీలోనూ.
ఏ భాషకూ నిలబళ్లేదు వాళ్లు.
అందరికీ అర్థమయ్యే మాట ఒకటుందనుకొని
రెండు గొట్టాలూ ఆకాశం దిక్కు ఎత్తి
ఒకదాన్ని మాట్లాడించినాను.

గాల్లోకి కాల్చినా అంటాం గదా.
మా ఉరవకొండ దిక్కు గాలంటే గాలే,
ఆ ఎండకు పైన గద్ద కూడా ఉండదు.
ఈ ఊళ్లో గాలి ఎన్నో అంతస్తు నుంచి మొదలవుతుందో
పదేండ్లుగా ఉండి కూడా నాకు తెలీదు.
మనుషులు, మనుషుల మీద మనుషులు,
ఆ పైన తీగలు, తువ్వాళ్లు, నీళ్ల ట్యాంకులు,
ఆ పైన ఇంకా కట్టబోయే ఇండ్లకు ఇనుప చువ్వలు.

ఇద్దరు పారిపోయినారు. అది నిజం.
లాంగు పట్టుకున్నోడు మాత్రం
చెవులు మూసుకొని రోడ్డు మీద కూచున్నాడు.
పద్దెనిమిదేండ్లుంటాయేమో. కత్తి వాని పక్కన
ఇంకెవరిదో వస్తువు మాదిరి పడుండె.
రెండో గొట్టం వాని మీదే ఉంది.
నా వేలు నాకంటే ముందు ఆలోచిస్తా ఉంది.
వాడు లేచి వచ్చుంటే నా దగ్గర ఒక్కటే.
ఉన్నదాంట్లో సగం బెదిరించడానికి ఖర్చు పెట్టి
మిగిలిన సగంతో బతకాల.

స్టేషన్లో ఇన్స్పెక్టరు టీ తెప్పించి, మెత్తగా అడిగినాడు.
'ప్రాణం పోతుందనిపించిందా, ఓబులేశప్పా?'
అనిపించింది సార్.
'మరి మనిషినొదిలి ఆకాశాన్నెందుకు కాల్చినావు?'
నేను మాట్లాడలేదు.
'సరే, అనిపించలేదనుకో. అసలెందుకు కాల్చినట్లు?'
టీ మీద మీగడ కట్టింది.
ఆ రెండు ప్రశ్నల నడుమ ఒక సందుంది సార్,
మనిషి అడ్డంగా తిరిగితే గాని పట్టడు,
నేనందులో నిలబడి కాల్చినా
అని చెప్పాలనుకున్నా. కన్నడం చాల్లేదు.
తెలుగైనా చాలేది కాదేమో.

పట్టాళంలో మా సుబేదారు చెప్పేటోడు,
బెదిరించను దేవుడు గొంతిచ్చినాడు,
తుపాకి ఆ పనికి చేసింది కాదని.
అప్పుడు తల ఊపినాను. ఇప్పుడూ ఊపుతా.
కానీ ఆ పిల్లోని మెడలో తాయెత్తు కనపడింది నాకు,
దారం ఇంకా కొత్తది, ఎర్రగా.
సుబేదారు ఆడ లేడు.

తూటాకు ఆరు గుండ్లు.
మూడు, ఎదురుగా లేడీస్ పీజీ ట్యాంకులో.
సాయంత్రం దాకా మెట్ల మీద నీళ్లు కారినాయంట.
ఒకటి పిట్టగోడలో. ఒకటి బట్టల తీగ కట్టిన గొట్టంలో.
మర్నాడు ఎం-సీల్ కొనుక్కొని నేనే ఎక్కినాను.
చిలకలూరిపేట పిల్లంట, తలకు తువ్వాలు, చూస్తా నిలబడింది.
'ఫోనొస్తే లోపలికెళ్లా అంకుల్. లేకపోతే
ఇక్కడే జుట్టు ఆరబెట్టుకుంటన్నా.'
తిట్టలేదు. తిట్టింటే బాగుండు.
ఎవరమ్మా ఫోను, అన్నా, ఇంకేం తోచక.
'బ్యాంకోళ్లు. క్రెడిట్ కార్డు కావాలా అని.'
ఒక్కో బొక్క మీద ముద్ద పెట్టి
బొటనవేలితో నొక్కినాను. వేలిముద్రలు పడినాయి.

నవీద్ బతికినాడు. పెట్టెలు మూడూ భద్రం.
పిల్లోడు జైల్లో ఉన్నాడు, అంటే ఉన్నాడు.
కంపెనీ తూటా ఖరీదు జీతంలో కోసుకుంది.
మంచి పని చేసినావంటే తల వంచుకుంటా,
తప్పు చేసినావన్నా అంతే.

ఐదు దొరికినాయి.
ఆరోదాన్ని వెతకడం పోలీసోళ్లు మానేసినారు.
ఆ దోవన బండి ఆగినప్పుడల్లా
తలుపు తెరవక ముందు నేను పైకి చూస్తా.
అదింకా కింద పడలేదు.