ఆర్చా నీళ్ళు

నవంబరులో మొదటి మంచు పడ్డాక
మా నాన్న ఎసెన్‌గుల్ ఉచ్చుల్ని బయటికి తీసేవాడు.
పెద్ద ఇనప బానలో నీళ్ళు, నీళ్ళలో ఆర్చా కొమ్మలు,
కొమ్మల మధ్య ఆ ఇనప దవడలు.
మధ్యాహ్నం దాకా మరగాలి.
మనిషి వాసన పోవాలి, అనేవాడు.
నాకు తొమ్మిదేళ్ళు. పొయ్యి దగ్గర నా పని
పిడకలు ఎగదోయటం, ఏదీ ముట్టుకోకపోవటం.

ఎందుకు పడతావ్ వాటిని, అంటే
అడిగినవాణ్ణి బట్టి ఉండేది జవాబు.
నారిన్ నుంచి జీపులో వచ్చిన ఆఫీసరుకి
చచ్చిన గొర్రెల లెక్క చెప్పాడు, పదకొండని. నిజానికి నాలుగు.
తోలు కొనే వర్తకుడి ముందు అసలు నోరు విప్పేవాడు కాదు,
బొచ్చు మీద ఊది, పాయ తీసి చూపించేవాడు, అంతే.
పెళ్ళిళ్ళలో, మూడో గ్లాసు తర్వాత,
వాళ్ళ తాత గుర్రం మీద నుంచి వంగి
ఉత్త కొరడాతో తోడేలు ముక్కు పగలగొట్టిన కథ.
ఏడాదికో జానెడు పెరిగేది ఆ తోడేలు.

నాయనమ్మ బుర్మాకాన్‌కి ఏ జవాబూ ఆనేది కాదు.
ఊలు వడుకుతూ, దారం తెగకుండా అనేది:
"దానిదంటే ఆకలి. నీదేమిట్రా?"

నేను చూసింది చెబుతాను.
గొర్రెల ఫారం మూసేసిన ఏడు
మా వాటాకి రావలసిన నలభై
కాగితం మీద ఇరవై అయ్యాయి.
మిగతావి ఎవరు తిన్నారో మంచు మీద గుర్తు లేదు.
అప్పు రాత్రిపూట పెరిగేది,
గుమ్మం దగ్గర ఒక్క గోటిగీత లేదు.
తమ్ముడు తలాయ్ జ్వరంతో పోయాడు,
అంబులెన్సు కనుమకి అవతలే ఆగిపోయింది.
ఆ పొద్దున నాన్న ఇంటి చుట్టూ తిరిగాడు
తల వంచి, మంచులో వెతుకుతూ.
ఏమీ లేదు. పిచ్చుక అడుగు కూడా లేదు.

తోడేలు అలా కాదు.
ఎటు నుంచి వచ్చింది, ఎక్కడ అనుమానపడింది,
ఎంతసేపు కూచుని మా దీపం వంక చూసింది,
అన్నీ రాసిపెట్టి పోతుంది.
గొర్రెతోలు చేతితొడుగులతో ఉచ్చు పరిచి
గుర్రం అడుగుల్లోనే అడుగులేస్తూ
నాన్న వెనక్కి నడిచి వచ్చేవాడు.
తన జాడ మాత్రం ఉండకూడదు.

నాకు పన్నెండో ఏట మూడో ఉచ్చులో
పంజా దొరికింది. పంజా ఒక్కటే.
కీలు దగ్గర తనే కొరుక్కుని పోయింది.
నాన్న దాన్ని అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు,
దారిలో ఏ పిల్లాడో పారేసుకున్న చేతితొడుగు
ఎవరిదో పోల్చుకుంటున్నట్టు.
వర్తకుడికి అమ్మలేదు. ఇంటికీ తేలేదు.
రాళ్ళ కింద పెట్టి, పైన ఇంకో రాయి పెట్టాడు.
ఏ పెళ్ళిలోనూ ఆ కథ చెప్పలేదు.

మార్చిలో దొడ్డి చుట్టూ మూడు కాళ్ళ జాడ.
మూడూ లోతుగా, నాలుగోది లేనిచోట
మంచు మీద సన్నటి గీత.
పాల వేళకి ముందే లేచి చూసొచ్చేవాడు.
టీలో రొట్టె ముంచుకుంటూ "వచ్చింది" అనేవాడు,
పై ఊరి మేనత్త సంగతి చెప్పినట్టు.
రెండు గొర్రెపిల్లలు పోయాయి.
ఆఫీసరుకి ఒక్కటీ లెక్క చెప్పలేదు.

"ఇక మానేస్తావా?" అంది నాయనమ్మ.
నాన్న ఆమె కదురు వంకే చూస్తూ ఉండిపోయాడు,
అది తిరగటం ఆగేదాకా.

నవంబరు వచ్చింది. బాన దించాడు.
నీళ్ళు, కొమ్మలు, ఇనుము.
పొగకి కళ్ళు మండాయి ఇద్దరికీ.
మధ్యాహ్నం కర్రతో ఉచ్చు పైకెత్తి
నా ముఖం దగ్గరికి తెచ్చాడు:
"చూడు బెర్మెత్, ఇంకా వస్తోందా మన వాసన?"

ఆర్చా. తుప్పు. పొగ.
అన్నిటికీ అడుగున, మేము.

లేదన్నాను.