గేటు పడిన వేళ

అన్నీ నార్మలే.
షుగరు, థైరాయిడ్, కొవ్వు, విటమిన్ డి.
నా రక్తం నేనే తీసి, నేనే మెషిన్‌లో పెట్టి,
నేనే సంతకం చేసుకున్న రిపోర్టు.
పక్క గడిలో ఇంత నుంచి ఇంత దాకా
ఉండొచ్చని రాసి ఉంటుంది.
ఆ ఇంతకీ ఇంతకీ మధ్య
బుద్ధిగా కూర్చుని ఉన్నాను.

పొద్దున్నే చోడంబలి.
రాత్రి ఏడులోపు రెండు పుల్కాలు.
ఆదివారం సింహాచలం మెట్లు,
దణ్ణానికి కాదు, మోకాళ్ళకి.
అయినా రాత్రి రెండున్నరకి
ఎవరో పిలిచినట్టు మెలకువ.
లేచి చూస్తే ఫ్రిజ్ మూలుగు,
దూరంగా మర్రిపాలెం యార్డులో
బళ్ళు ఒకదాన్నొకటి తగులుకునే చప్పుడు.

ఎనిమిదింటికల్లా ల్యాబులో ఉండాలి.
పరగడుపున వచ్చినవాళ్ళు విసుక్కుంటారు.
గోపాలపట్నం దాటకముందే గేటు పడుతుంది.
కిరండూల్ నుంచి పోర్టుకి
ఇనపరాయి మోసుకెళ్ళే గూడ్సు.
స్కూటీ ఆపను. యాక్సిలరేటరు తిప్పుతూ,
ఫోను చూస్తూ, గొణుగుతూ,
గేటుకింద దూరిపోయేవాళ్ళ వైపు
కాస్త అసూయగా చూస్తూ, రోజూ ఇంతే.

ఆవేళ జామకాయల పైడమ్మ
నా వైపు చూడకుండానే అంది:
"బండాపీమ్మా. నువ్వు గుర్రుమంటే
ఆ రైలేటి, తొరగా ఎల్తాదా?"

ఆపాను.
సిరంజిలోకి రక్తం ఎక్కినట్టు
చుట్టూ ఉన్నదంతా నెమ్మదిగా
లోపలికి రావడం మొదలైంది.
కాయ మీద ఉప్పూకారం రాస్తుంటే పైడమ్మ గాజులు.
సిగ్నల్ స్తంభం మీద కాకి గొంతు సవరించుకోవడం.
చక్రం బరువుకి పట్టా కుంగి, మళ్ళీ లేవడం.
ఎర్రదుమ్ము పట్టిన వ్యాగన్లు, ఒకటి, రెండు, మూడు...
లెక్కపెడుతున్న నోరు నాదే,
గొంతు మాత్రం మా అక్కది.

వరహాలక్క.
రైల్వే క్వార్టర్స్ గోడ మీద కాళ్ళు వేలాడేసుకుని
ఇద్దరం ఇలాగే లెక్కపెట్టేవాళ్ళం.
ఎప్పుడూ దానికి నాకంటే ఒకటి ఎక్కువ.
దొంగలెక్కని ఏడ్చేదాన్ని.
అది గార్డు పెట్టెని కూడా కలుపుకునేది.
"బండి ఆడితోనే కదే అయిపోద్ది,
ఆడ్ని ఒదిలెస్తే ఎలాగ?"

వైశాఖంలో పోయింది.
పదమూడో రోజు భోజనాలు పెట్టి
పద్నాలుగో రోజు పొద్దున్న డ్యూటీలో ఉన్నాను.
నలభై మూడు శాంపిళ్ళు, చెయ్యి వణక్కుండా.
గట్టిదానివే అన్నారందరూ.
ఆ వారం పదివేల అడుగులూ తప్పలేదు.
దుఃఖాన్ని ఏ గొట్టంలోకి తియ్యాలో
దానికి ఏ రంగు మూత పెట్టాలో
మా ట్రైనింగులో చెప్పలేదు.

యాభై ఆరు. యాభై ఏడు.
యాభై ఎనిమిదో వ్యాగన్ వెనక గార్డు,
పచ్చజెండా చుట్టి చంకలో పెట్టుకుని
ఎవరికని కాకుండా చెయ్యి ఊపాడు.
యాభై తొమ్మిది, అన్నాను పైకే.

గేటు లేచింది. వెనక హారన్లు.
హెల్మెట్ అద్దానికి లోపల్నుంచి ఆవిరి.
ఆటోవాడొకడు తిట్టి పక్కనుంచి పోయాడు.
పైడమ్మ లేచొచ్చి చీరిన కాయ చేతిలో పెట్టి
"డబ్బులు రేపిద్దూలే" అంది.
అక్కడే నిలబడి తిన్నాను.
అందులో ఎన్ని కాలరీలో
సగం తిన్నాక కూడా గుర్తు రాలేదు.

నిద్ర బాగుపడిందా అంటే, ఏమో.
ఇంకా కొన్ని రాత్రులు రెండున్నరకి మెలకువ వస్తుంది.
యార్డులో బళ్ళు తగులుకుంటాయి.
పిలిచిందెవరో తెలుసు కనక
లేచి వెతకను. పడుకునే వింటాను.

పొద్దున్న మాత్రం
పది నిమిషాలు ముందే బయల్దేరుతున్నాను.
గేటు తప్పించుకోవడానికి అనుకుంటున్నారు
మా ఇంట్లోవాళ్ళు.